యల్లాప్రగడ సుబ్బారావు పేపర్లు, సైటేషన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

బయోకెమిస్ట్రీ చదివే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, అప్పుడప్పుడు తోటి లెక్చరర్లు అడిగే ప్రశ్నలివి. చాలావరకు ఒకే చోట మొదలవుతాయి: "అంత గొప్ప శాస్త్రవేత్త అంటారు, మరి నెట్‌లో వెతికితే ఆయన పేరు మీద సైటేషన్ల లెక్క సరిగ్గా దొరకదేంటండీ?" సైటేషన్ అంటే ఒక పేపర్ని ఇంకో పేపర్ తన ఆధారంగా ప్రస్తావించడం. లెక్క దొరకకపోవడానికి కారణాలున్నాయి. ఆ కారణాలు తెలిస్తే ఆయన పనీ అర్థమవుతుంది, సైటేషన్ల లెక్క ఎలా పనిచేస్తుందో కూడా అర్థమవుతుంది. జవాబులు కొన్ని పొడుగు, కొన్ని పొట్టి.

సుబ్బారావు ఎవరో క్లుప్తంగా చెబుతారా?

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో వైద్యం చదివారు. 1922లో బోస్టన్ చేరారు. హార్వర్డ్ మెడికల్ స్కూల్లో 1940 దాకా ఉన్నారు, 1930లో అక్కడే పీహెచ్‌డీ వచ్చింది. ఆ తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ లేబరేటరీస్ అనే మందుల కంపెనీలో పరిశోధన విభాగాన్ని నడిపించారు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో చనిపోయారు. ఖద్దరు గౌను కథ, బోస్టన్‌లో రాత్రిపూట ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం చేసిన కథ మీరు వినే ఉంటారు. ఇక్కడ పేపర్ల సంగతి మాత్రమే చూద్దాం.

ఆయన పేపర్లలో ఎక్కువ సైటేషన్లు వచ్చినది ఏది?

1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో వచ్చిన పేపర్. 66వ సంపుటి, 375వ పేజీ నుంచి 400వ పేజీ వరకు, మొత్తం 26 పేజీలు. రచయితలు ఇద్దరే: హార్వర్డ్‌లో ఆయనతో పనిచేసిన సైరస్ ఫిస్క్, సుబ్బారావు. రంగును బట్టి ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి గురించి. దీనికి పది వేలకు పైగా సైటేషన్లు ఉన్నాయి. డేటాబేసును బట్టి అంకె మారుతుంది కాబట్టి ఇంతకన్నా కచ్చితంగా చెప్పడంలో అర్థం లేదు. సైన్సులో అచ్చయిన పేపర్లలో చాలావాటిని పది మంది కూడా సైట్ చేయరన్న సంగతి పక్కన పెట్టుకుని ఈ అంకె చూడండి.

మన ల్యాబుల్లో దీన్ని "ఫిస్కే-సుబ్బారావ్ మెథడ్" అంటారు. అసలు ఉచ్చారణ ఫిస్క్. కానీ ఇన్నేళ్ల అలవాటు, వైవా పరీక్షలో ఫిస్కే అన్నా ఎవరూ మార్కులు తియ్యరు. ఆ మాట అనే పిల్లల్లో సగం మందికి రెండో పేరు మన భీమవరం మనిషిదని తెలియదు. నేను పాఠం చెప్పిన ప్రతి బ్యాచ్‌లోనూ ఈ సంగతి చెప్పగానే ఒకరిద్దరు తలెత్తి చూసేవారు.

ఏదో కొత్త సత్యం కనిపెడితే సరే. కొలత పద్ధతికి అన్ని సైటేషన్లు ఎందుకు?

పద్ధతి కాబట్టే. కొత్త సత్యం కొన్నాళ్లకు పాఠ్యపుస్తకంలోకి ఎక్కుతుంది, ఇక దాని మూల పేపర్ని ఎవరూ ప్రస్తావించరు. పద్ధతి అలా కాదు. మీ పేపర్లో "ఫాస్ఫేట్‌ని ఇలా కొలిచాం" అని రాసిన ప్రతిసారీ ఆ పద్ధతి ఎవరిదో చెప్పాలి. ఎంజైమ్ మీద పనిచేసేవాడు, కణత్వచంలో కొవ్వుల మీద పనిచేసేవాడు, మట్టి పరీక్షించేవాడు, రక్తం పరీక్షించేవాడు, అందరికీ ఫాస్ఫేట్ కొలవాల్సిన అవసరం ఉంది. ఒక్కొక్కరు ఒక్కో సైటేషన్ ఇస్తారు.

ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ సైటేషన్లు వచ్చిన పేపర్ కూడా కొలత పద్ధతే. ఆలివర్ లౌరీ, సహచరులు 1951లో ప్రోటీన్ కొలిచే పద్ధతి మీద రాసినది. అదీ అదే జర్నల్లోనే వచ్చింది. 2014లో నేచర్ పత్రిక వేసిన మొదటి వంద పేపర్ల జాబితాలో దానికి 3 లక్షలకు పైగా సైటేషన్లున్నాయి. రెండో స్థానం, మూడో స్థానం కూడా ప్రోటీన్ల మీద ల్యాబ్ పద్ధతులవే. తన పేపర్ నిజానికి గొప్పదేమీ కాదని లౌరీయే ఒప్పుకున్నారు, కాకపోతే ఆ ఆదరణ చూసి లోలోపల ముచ్చట పడుతున్నానని కూడా చెప్పారు.

ఇంకో ముచ్చట. లౌరీ పద్ధతిలో వాడే రీజెంట్ (పరీక్షలో కలిపే రసాయనం) ఒట్టో ఫోలిన్ పేరు మీద ఉంది. ఆయన హార్వర్డ్‌లో సుబ్బారావు చేరిన బయోకెమిస్ట్రీ విభాగానికి పెద్ద. లౌరీ కూడా 1937 నుంచి 1942 దాకా ఆ విభాగంలోనే పనిచేశారు. అంటే బయోకెమిస్ట్రీలో అందరూ తలచుకునే రెండు కొలత పద్ధతుల మనుషులు మూడేళ్ల పాటు ఒకే విభాగంలో ఉన్నారన్నమాట.

ఆ పద్ధతిలో ఏం చేస్తారు? సైన్స్ చదవనివాళ్లకి అర్థమయ్యేలా చెప్పండి.

ఫాస్ఫేట్‌కి రంగు ఉండదు. దానికి ఆమ్లంలో కలిపిన మాలిబ్డేట్ పోస్తే రెండూ కలిసి ఒక సంయోగం ఏర్పడుతుంది. దానికి ఒక క్షయకరణి (ఎలక్ట్రాన్లు ఇచ్చే రసాయనం) తగిలిస్తే ముదురు నీలం వస్తుంది. ఫాస్ఫేట్ ఎక్కువుంటే నీలం చిక్కగా, తక్కువుంటే పల్చగా. తెలిసిన మోతాదుతో చేసిన నీలంతో పోల్చి చూస్తే తెలియని మోతాదు తెలుస్తుంది.

ఇది వాళ్లిద్దరికన్నా ముందే ఉంది. అంతకు ముందు బెల్, డోయిసీ అనేవాళ్లూ, తర్వాత బ్రిగ్స్ అనే ఆయనా హైడ్రోక్వినోన్ వాడి ఇలాంటిదే చేశారు. ఫిస్క్, సుబ్బారావు క్షయకరణిని మార్చారు. అమైనోనాఫ్తాల్‌సల్ఫోనిక్ ఆమ్లం తెచ్చారు, మనవాళ్లు దాన్ని ఏఎన్‌ఎస్‌ఏ అంటారు. రంగు త్వరగా వచ్చింది, నమ్మకంగా వచ్చింది. మూత్రంలో, రక్తంలో, ఎక్కడైనా పనిచేసింది. ఇవాళ మన కాలేజీ ప్రాక్టికల్స్‌లో 660 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీసేది ఆ నీలాన్నే.

ఆ కొలత వల్లే ఏటీపీ దొరికిందంటారు. నిజమేనా?

నిజమే. కణాలు శక్తి కోసం వాడుకునే పదార్థమే ఏటీపీ. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చే భాగం ఇదే, కాస్త ఓపిగ్గా చదవండి.

పద్ధతి చేతికొచ్చాక వాళ్లు పిల్లి కండరంలో ఫాస్ఫేట్ కొలవడం మొదలుపెట్టారు. మూత్రంలో, రక్తంలో నీలం చకచకా వచ్చేది. కండరం రసంలో మాత్రం ఆలస్యంగా, మెల్లమెల్లగా వచ్చింది. ఇంకొకరైతే రీజెంట్ పాడైందనో, చెయ్యి తప్పిందనో పారబోసి మళ్లీ మొదలుపెట్టేవారు. వీళ్లు ఆ ఆలస్యం ఎందుకని అడిగారు. కండరంలో ఫాస్ఫేట్ ఏదో పదార్థానికి అతుక్కుని ఉంది, అది చాలా సున్నితమైనది, పరీక్షలో వాడే ఆమ్లానికే మెల్లగా విడిపోతోంది. విడిపోయిన కొద్దీ రంగు వస్తోంది. అదీ సంగతి.

ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. కండరం పనిచేస్తే అది తగ్గుతుందనీ, విశ్రాంతి ఇస్తే మళ్లీ పెరుగుతుందనీ చూపించారు. సరిగ్గా అదే సమయంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా అలాంటి పదార్థాన్నే గమనించి ఫాస్ఫాజెన్ అని పేరు పెట్టారు. అందులో క్రియాటిన్ ఉందని తేల్చింది మాత్రం హార్వర్డ్ జంట.

దీనికి ఎందుకంత ప్రాముఖ్యమంటే, అప్పటిదాకా కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుందని అందరి నమ్మకం. ఆ దారిలో చేసిన పనికే హిల్, మేయర్‌హోఫ్‌లకు 1922 నోబెల్ వచ్చింది. ఫాస్ఫోక్రియాటిన్‌తో ఆ నమ్మకం కదలడం మొదలైంది. 1930లో డెన్మార్క్‌కి చెందిన లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం తయారు కాకుండా ఆపేసినా కండరం ముడుచుకుంటుందని చూపించడంతో పాత సిద్ధాంతం మూలపడింది.

1929లో అదే జంట కండరం నుంచీ కాలేయం నుంచీ ఇంకో ఫాస్ఫేట్ పదార్థం తీసి, సైన్స్‌లో రెండు పేజీల చిన్న పేపర్ వేసింది. అదే ఏటీపీ.

మా పుస్తకంలో ఏటీపీ కనిపెట్టింది కార్ల్ లోమన్ అని ఉంది. ఎవరిది నిజం?

రెండూ నిజమే. జర్మనీలో మేయర్‌హోఫ్ దగ్గర పనిచేసిన లోమన్ కూడా 1929లోనే, కొంచెం ముందుగా అచ్చు వేశారు. ఇద్దరూ విడివిడిగా చేరుకున్నారు. చరిత్ర రాసేవాళ్లు ఎవరి దేశాన్ని బట్టి వాళ్లు ఒకరి పేరు పైకి, ఇంకొకరి పేరు కిందకి పెట్టారు. మనం కూడా "సుబ్బారావే కనిపెట్టారు" అని ఊరికే గట్టిగా అంటే అదే తప్పు చేసినట్టు. మూడు పేర్లూ చెప్పండి: లోమన్, ఫిస్క్, సుబ్బారావు.

అయితే ఏటీపీ పేపర్‌కి లక్షల్లో సైటేషన్లు ఉండాలి కదా?

ఉండాలనే అనిపిస్తుంది. జీవశాస్త్రంలో ఏటీపీ అనే మాట లేని రోజు లేదు. కానీ ఆ మాట రాసిన ప్రతివాడూ 1929 పేపర్ని సైట్ చేయడు. నీటి ఫార్ములా రాసినప్పుడు ఎవరినైనా సైట్ చేస్తామా? ఒక ఆవిష్కరణ అందరికీ తెలిసిపోయాక దాన్ని కనిపెట్టినవాళ్ల పేరు రాయడం మానేస్తాం. కూరలో ఉప్పు ఉంటుంది, కనబడదు. సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ దీనికి ఒక పేరు కూడా పెట్టారు, జనం జ్ఞానంలో ఇంకిపోయి కనుమరుగు కావడం అనే అర్థంలో.

అందుకే విచిత్రం చూడండి. నీలం రంగు రెసిపీకి పది వేలు దాటాయి. ఆ రెసిపీతో దొరికిన, ప్రాణమున్న ప్రతి కణంలోనూ ఉండే పదార్థానికి అందులో కొంత భాగమే. సైటేషన్ వాడకాన్ని లెక్కపెడుతుంది. వాడకం గొప్పదే, కానీ ఆలోచన బరువు వేరే త్రాసులో తూగుతుంది.

పాత సైటేషన్ ఇండెక్సు పుస్తకాల్లో సుబ్బారావు పేరు కోసం వెతికితే ఆ పేపరే దొరకలేదు. ఎందుకు?

ఆ పుస్తకాల్లో సైట్ అయిన పేపర్లని మొదటి రచయిత పేరు కింద మాత్రమే పెట్టేవారు. యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ఈ ఆలోచన ప్రకటించి, 1960లలో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ మొదలుపెట్టినప్పుడు కంప్యూటర్ జాగా ఖరీదైన సరుకు. అందుకని మొదటి పేరుతో సరిపెట్టారు. 1925 పేపర్ కావాలంటే ఫిస్క్ పేరు కింద చూడాలి. రెండో రచయిత ఎవరైనా సరే, ఆ పుస్తకాల దృష్టిలో లేనట్టే.

ఇంకోటి. ఆ ఇండెక్సు మొదట 1961 సాహిత్యం నుంచే లెక్కపెట్టింది. 1925 నుంచి 1960 దాకా, అంటే ఆ పద్ధతి కొత్తగా, వేడివేడిగా వాడుకలో ఉన్న 35 ఏళ్ల సైటేషన్లు చాలాకాలం ఎవరి లెక్కలోకీ రాలేదు. తర్వాతెప్పుడో పాత సంవత్సరాలు కలిపారు.

ఇప్పుడైతే కంప్యూటర్లో అందరి పేర్లూ ఉంటాయి కదా, దొరకాలి కదా?

పేరుతో తంటా ఉంది. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనక. యల్లాప్రగడ ఇంటిపేరు, సుబ్బారావు పేరు. అమెరికావాళ్ల పద్ధతిలో చివరిది ఇంటిపేరు. అలా హార్వర్డ్‌లో సుబ్బారావు ఇంటిపేరైపోయింది, యల్లాప్రగడ ఒక్క వై అక్షరంగా మిగిలింది. పైగా ఆయన పేరు చివర రావు అని కాకుండా, పాత మద్రాసు అలవాటు ప్రకారం 'రో' అనే స్పెల్లింగ్‌తో, మధ్యలో పెద్ద ఆర్ అక్షరం పెట్టి ఒకే మాటగా అచ్చయ్యింది. దాన్ని సైట్ చేసేవాళ్లు ఒకరు రెండు ముక్కలు చేస్తారు, ఒకరు 'రావు' అని దిద్దుతారు, ఒకరు రెండో ముక్కనే ఇంటిపేరు అనుకుంటారు. డేటాబేసుకి వీళ్లంతా వేర్వేరు మనుషులు. వెతికేటప్పుడు ఒక్క స్పెల్లింగ్‌తో ఆగకండి.

ఆయన హెచ్-ఇండెక్స్ ఎంత?

ఈ ప్రశ్న వినగానే నవ్వొస్తుంది, కానీ అడిగేవాళ్ల తప్పు కాదు, ఇవాళ ఇంటర్వ్యూల్లో అడిగేది ఇదే. హెచ్-ఇండెక్స్‌ని 2005లో భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ప్రతిపాదించారు. ఒకరికి 20 అని ఉంటే, కనీసం 20 సైటేషన్లు వచ్చిన పేపర్లు 20 ఉన్నాయని.

ఈ లెక్కలో ఒక పేపర్‌కి 20 వచ్చినా 10,000 వచ్చినా ఒకటే. సుబ్బారావు 1925 పేపర్ ఆయన హెచ్-ఇండెక్స్‌కి కలిపేది సరిగ్గా ఒక్క అంకె. ఫాస్ఫోక్రియాటిన్ ఇంకో ఒకటి, ఏటీపీ ఇంకో ఒకటి. ఏడాదికి పది పేపర్లు వేసి ఒకరినొకరు సైట్ చేసుకునే ఓ మామూలు బృందం పెద్ద ఈ లెక్కలో ఆయన్ని దాటిపోగలడు. అందుకని ఆయనకి హెచ్-ఇండెక్స్ కట్టే పని నేను పెట్టుకోను. కట్టినా, పై జవాబులో చెప్పిన స్పెల్లింగ్ గొడవ వల్ల రోజుకో అంకె వస్తుంది.

హార్వర్డ్‌లో ఇంత చేసినా పర్మనెంట్ ఎందుకు కాలేదు?

రకరకాలుగా చెబుతారు. విదేశీయుడు కావడం ఒకటి, పని అంతా ఫిస్క్ పేరు వెనక ఉండటం ఇంకొకటి. పేపర్ల మీద వరుస చూస్తే ఫిస్క్ మొదటి పేరు, సుబ్బారావు రెండో పేరు. చూసేవాళ్లకి పెద్దాయన ఆలోచన, కుర్రాడి చేతిపని అనిపించడం సహజం.

అదే విభాగంలో చదివి తర్వాత 1988లో నోబెల్ పొందిన జార్జ్ హిచింగ్స్ అన్నట్టుగా ఒక మాట ప్రచారంలో ఉంది: సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లు (ఏటీపీ లాంటి పదార్థాలు) బయటికి రాకుండా ఉండిపోయాయి, వాటిని ఏళ్ల తర్వాత వేరేవాళ్లు మళ్లీ కనిపెట్టాల్సి వచ్చింది, దానికి ఫిస్క్ అసూయే కారణం కావచ్చు అని. ఫిస్క్ తన వైపు కథ చెప్పుకున్న దాఖలా నాకు కనబడలేదు కాబట్టి నేను తీర్పు చెప్పను. కానీ సైటేషన్ల గురించి మాట్లాడేటప్పుడు ఒకటి గుర్తుండాలి: అచ్చు కాని పేపర్‌కి సైటేషన్ రాదు.

లెడర్లీకి వెళ్లాక ఆయన పరిశోధన ఆగిపోయిందా? పేపర్లు తక్కువ కనిపిస్తున్నాయి.

ఆగలేదు, అసలు పెద్ద పని అక్కడే మొదలైంది. కాకపోతే కంపెనీలో పరిశోధన డైరెక్టర్ పని వేరు. ఏ సమస్య మీద పనిచేయాలో ఎంచుకోవడం, మనుషుల్ని తెచ్చుకోవడం, రసాయన శాస్త్రవేత్తల్నీ సూక్ష్మజీవుల వాళ్లనీ ఒక దారిలో పెట్టడం. బెంచీ దగ్గర చేసినవాళ్ల పేర్లు పేపర్ మీద ఉంటాయి. ఒక్కో మందు సంగతి విడిగా చెబుతాను, ఎక్కడ పేరుంది, ఎక్కడ లేదో చూడండి.

ఫోలిక్ ఆమ్లం. ఆకుకూరల్లో, కాలేయంలో ఉండే ఈ విటమిన్ గురించి చాలామంది పనిచేశారు. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు 1930ల మొదట్లో బొంబాయిలో గర్భిణుల రక్తహీనత మీద పనిచేసి ఈస్టు పదార్థంతో నయమవుతుందని చూపించారు. 1941లో పాలకూర నుంచి తీసిన అమెరికా బృందం దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టింది. దాని నిర్మాణం తేల్చి, ప్రయోగశాలలో తయారు చేసింది లెడర్లీ బృందం, 1945-46లో. 1946 సైన్స్ పేపర్లో డజనుకు పైగా రచయితలున్నారు. మొదటి పేరు ఆంజియర్‌ది. సుబ్బారావు పేరు ఆ వరుసలో ఎక్కడో మధ్యలో ఉంటుంది, ఇంగ్లీషు అక్షరక్రమంలో ఎస్ ఎక్కడొస్తే అక్కడ. బృందం పెద్ద పేరు చివర పెట్టే అలవాటు కూడా అక్కడ పాటించలేదు. ఇవాళ మన అంగన్‌వాడీల్లో, ఆశా కార్యకర్తల చేతుల్లో గర్భిణులకి ఇచ్చే ఐరన్-ఫోలిక్ మాత్రల్లో ఉండేది అదే విటమిన్.

మెథోట్రెక్సేట్ ఆయనదే అంటారు. ఆ పేపర్ మీద ఆయన పేరుందా?

లేదు. మెథోట్రెక్సేట్ కేన్సర్‌కీ కీళ్లవాతానికీ వాడే మందు. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే పదార్థాలు చేయాలన్నది లెడర్లీలో నడిచిన పని. వాటిలో మొదటి పెద్దది అమైనాప్టెరిన్. 1947లో దాన్ని తయారుచేసిన పేపర్ మీద సీగర్, స్మిత్, హల్ట్‌క్విస్ట్‌ల పేర్లున్నాయి. మెథోట్రెక్సేట్ తయారీ పేపర్ 1949లో వచ్చింది, అప్పటికే సుబ్బారావు లేరు.

ఆ అమైనాప్టెరిన్‌నే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సర్ ఉన్న పిల్లలకి ఇచ్చారు. 16 మందిలో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గింది. 1948 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఆ పేపర్ వచ్చింది. కేన్సర్ కీమోథెరపీ చరిత్రలో దాన్ని తలవని పుస్తకం ఉండదు. రచయితలు ఐదుగురు, అందరూ డాక్టర్లే. మందు వెనకున్న మనిషి పేరు రచయితల్లో లేదు. రెండు నెలలకే ఆయన చనిపోయారు.

కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడే మన అమ్మమ్మలకి డాక్టర్లు దానితో పాటు ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా రాస్తారు, ఆ మందు దుష్ఫలితాలు తగ్గడానికి. విటమినూ, ఆ విటమిన్‌ని అడ్డుకునే మందూ రెండూ ఒకే ల్యాబు నుంచి వచ్చి ఒకే చీటీ మీద పక్కపక్కన కూర్చుంటాయి. దీన్ని ఏ సైటేషన్ ఇండెక్సూ పట్టుకోలేదు.

బోదకాలు మందు సంగతేంటి?

అక్కడ పేరుంది. ఎలుకల్లో ఫైలేరియా పురుగుల మీద డైఇథైల్‌కార్బమజీన్ పనిచేస్తుందని చూపించిన 1947 పేపర్లో మొదటి పేరు హ్యూయిట్‌ది, చివరి పేరు సుబ్బారావుది. హెట్రజాన్ అనే పేరుతో అమ్మారు. మన దగ్గర డీఈసీ అంటారు. గోదావరి జిల్లాల్లో బోదకాలు తెలియని ఊరు లేదు ఒకప్పుడు. ఆల్బెండజోల్‌తో కలిపి ఇంటింటికీ తిరిగి ఇచ్చే మాత్ర ఇదే. భీమవరం మనిషి పెర్ల్ రివర్‌లో ఉండి చేసిన పని తిరిగి గోదావరి గట్టుకే వచ్చింది. మాత్ర మింగేవాళ్లు ఎవరికీ సైటేషన్ ఇవ్వరనుకోండి.

ఆరియోమైసిన్?

టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటి యాంటీబయాటిక్. రిటైరయ్యాక 70 ఏళ్లు దాటిన వయసులో లెడర్లీకి వచ్చిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ మట్టి నమూనాల్లోంచి దాన్నిచ్చే సూక్ష్మజీవిని పట్టుకున్నారు. 1948 పేపర్ ఆయన ఒక్కడి పేరు మీదే ఉంది. ఆ వెతుకులాట పెట్టించిన డైరెక్టర్ సుబ్బారావు. పేపర్ డగ్గర్‌దే అనడం న్యాయమే, ఎందుకంటే పట్టుకున్నది ఆయనే.

ఇవన్నీ ఉండి నోబెల్ ఎందుకు రాలేదు?

సూటిగా ఒక్క కారణం లేదు. మంచి పని రెండు చోట్ల చీలింది, హార్వర్డ్‌లో ఒకరి వెనక, లెడర్లీలో బృందం లోపల. 53 ఏళ్లకే పోయారు. నోబెల్ పోయినవాళ్లకి ఇవ్వరు. ఫాస్ఫేట్ బంధంలో శక్తి ఉంటుందన్న ఆలోచనని 1941లో పెద్దది చేసిన లిప్‌మన్‌కి 1953లో నోబెల్ వచ్చింది, అదీ కోఎంజైమ్ ఎ పనికి. కణానికి కావలసిన పదార్థాన్ని పోలిన మందులు చేసే దారికి హిచింగ్స్, ఎలియన్‌లకి 1988లో వచ్చింది. అప్పటికి సుబ్బారావు పోయి నలభై ఏళ్లు.

అయితే సైటేషన్లు చూడటమే తప్పంటారా?

అనను. ఫ్రెడరిక్ శాంగర్‌ని చూడండి. కెమిస్ట్రీలో రెండు నోబెల్స్, 1958లో, 1980లో. పేపర్లు చాలా తక్కువగా వేసేవారు, మధ్యలో ఏళ్ల తరబడి పెద్దగా ఏమీ అచ్చు వేయలేదు. అయినా డీఎన్ఏ వరుస చదివే 1977 పేపర్ నేచర్ జాబితాలో నాలుగో స్థానంలో ఉంది. ఆయన విషయంలో సైటేషన్ అంకె, పని బరువు ఒకే దిక్కు చూపించాయి. అక్కడ కూడా అది పద్ధతి మీద పేపరే, గమనించారా?

నేను చేసే పని ఇది: అంకె చూశాక పేపర్ తెరిచి, దాన్ని సైట్ చేసినవాళ్లు ఏ వాక్యంలో సైట్ చేశారో చదువుతాను. "పద్ధతుల" విభాగంలో సైట్ చేశారా, "పరిచయం"లోనా, "చర్చ"లోనా? మూడింటికీ అర్థం వేరు.

1925 పేపర్‌ని ఇప్పటికీ సైట్ చేస్తున్నారా?

చేస్తున్నారు, కానీ పాత వేగం లేదు. ఆసుపత్రి ల్యాబుల్లో ఇప్పుడు యంత్రాలు క్షయకరణి లేకుండానే, అతినీలలోహిత కాంతిలో ఫాస్ఫోమాలిబ్డేట్‌ని (ఫాస్ఫేట్, మాలిబ్డేట్ కలిసిన సంయోగాన్ని) నేరుగా చదివేస్తాయి. పరిశోధకులు కిట్ కొంటారు, కిట్ కంపెనీ పేరు రాస్తారు. ఇంకో సంగతి, 1959లో బార్ట్‌లెట్ అనే ఆయన ఈ పద్ధతినే ఫాస్ఫోలిపిడ్లకి (ఫాస్ఫేట్ ఉండే కొవ్వులకి) అనువుగా మార్చి రాశాడు. కొవ్వుల మీద పనిచేసేవాళ్లు ఎక్కువగా బార్ట్‌లెట్‌నే సైట్ చేస్తారు. అందులో వాడే రీజెంట్ పేరు మాత్రం ఫిస్క్-సుబ్బారావు రీజెంటే.

మా అబ్బాయి ఇప్పుడే పీహెచ్‌డీలో చేరాడు. పేరు విషయంలో ఏం జాగ్రత్త తీసుకోవాలి?

మొదటి పేపర్‌కి ముందే ఒక స్పెల్లింగ్ ఎంచుకుని జీవితాంతం దాన్నే వాడమనండి. ఇంటిపేరు పూర్తిగా రాస్తాడా, ఒక్క అక్షరంగా రాస్తాడా అప్పుడే తేల్చుకోవాలి. సర్టిఫికెట్‌లో ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంటే పేపర్లో మూడోలా రాయొద్దు. 2012 నుంచి ఓర్సిడ్ అనే నంబరు ఉంది, పైసా ఖర్చు లేదు, పేరు ఎన్ని రకాలుగా అచ్చయినా మనిషి ఒక్కడేనని అది చెబుతుంది. రెడ్డి, రావు, కుమార్ అని ముగిసే పేర్లున్న మనవాళ్లకి ఇది మరీ అవసరం.

ఆయన పేరు మీద సైన్సులో ఏమైనా మిగిలిందా, పద్ధతి కాకుండా?

ఒక బూజు ఉంది. 1953లో హెసెల్‌టీన్ అనే శాస్త్రవేత్త కొత్త శిలీంధ్ర ప్రజాతికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. వృక్షశాస్త్ర నియమాల ప్రకారం ఆ పేరు వాడిన ప్రతివాడూ తెలిసో తెలియకో ఆయన పేరు పలుకుతాడు. 1995లో, శతజయంతికి, మన తపాలా శాఖ స్టాంపు వేసింది.

1925 పేపర్ ఎక్కడ చదవొచ్చు? డబ్బు కట్టాలా?

అక్కర్లేదు. ఆ జర్నల్ పాత సంచికలన్నీ వాళ్ల వెబ్‌సైట్లో ఉచితం. 2002లో అదే జర్నల్ తన క్లాసిక్ పేపర్ల వరుసలో దీన్ని మళ్లీ గుర్తుచేస్తూ ఒక వ్యాసం వేసింది, ముందు అది చదివితే తేలిగ్గా ఉంటుంది. తర్వాత అసలు పేపర్ తెరవండి. ల్యాబులో నీలం రంగు ఒక్కసారైనా చేసినవాళ్లకి ఆ 26 పేజీల్లో చాలా చోట్ల తమ మాన్యువల్ కనిపిస్తుంది.